తల పండితే తలుపు మూత

32 దాటినవాళ్లు స్టార్టప్ పెట్టకూడదని చట్టం తేవాలని నా మనవి. అంకె నాది కాదు. ఇన్వెస్టర్ల బుర్రలో గీత అక్కడే ఉంటుందని కొత్త స్టార్టప్‌లకు పెట్టుబడి పెట్టే వై కాంబినేటర్ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన పాల్ గ్రాహమ్ 2013లోనే ఒప్పుకున్నారు. చూడ్డానికి జుకర్‌బర్గ్‌లా ఉంటే చాలు, ఎవరైనా తనను బోల్తా కొట్టించగలరని కూడా ఆయనే అన్నారు. అంత నిజాయితీపరుడి మాట కాదనగలమా?

ఆ జుకర్‌బర్గే 2007లో, 22 ఏళ్లప్పుడు, కుర్రాళ్లకే తెలివి ఎక్కువని నిండు సభలో తేల్చేశారు. 2024లో ఆయనకు 40 నిండాయి. రాజీనామా ఇంకా అందలేదు, పోస్టులో ఉండి ఉంటుంది. 45 దాటితే కొత్త ఆలోచనలు పుట్టవన్నట్టు 2011లో చెప్పిన ఇన్వెస్టర్ వినోద్ ఖోస్లాకు అప్పటికే 56. అంటే అది కొత్త ఆలోచన కాదన్నమాట.

గిట్టనివాళ్లు లెక్కలు తీస్తారు. అమెరికాలో 27 లక్షల మంది వ్యవస్థాపకుల వివరాలు తిరగేసిన పరిశోధకులకు, వెయ్యిలో ఒకటిగా దూసుకెళ్లిన కంపెనీలు పెట్టినవాళ్ల సగటు వయసు 45 అని తేలింది. మోరిస్ చాంగ్ 1987లో తైవాన్ చిప్పుల కంపెనీ టీఎస్‌ఎంసీ పెట్టేనాటికి 55 ఏళ్లవారు. కుర్రాళ్ల యాప్‌లు పరిగెత్తేది ఆ తాతగారి చిప్పుల మీదేనట! ఇలా లెక్కలు చూడటమే ముసలితనం.

అసలు అనుభవమంటే ఏమిటి? ఇది పనిచెయ్యదని ముందే తెలిసిపోవడం. అలాంటివాడికి కోట్లిస్తారా ఎవరైనా? 19 ఏళ్లకే రక్తపరీక్షల కంపెనీ థెరానోస్ పెట్టిన ఎలిజబెత్ హోమ్స్‌ను చూడండి. కంపెనీ, కీర్తి, ఇన్వెస్టర్లను మోసం చేసిన కేసులో జైలుశిక్ష, అన్నీ 40 లోపే. వేగమంటే అదీ.

ఇంకా ఆశ చావని పెద్దలకు నా సలహా: జుట్టుకు రంగు, ఒంటికి హుడీ. డిగ్రీ ఏ సంవత్సరంలో వచ్చిందో రెజ్యూమెలోంచి తీసెయ్యండి. బీన్ బ్యాగ్‌లోంచి 'అమ్మా' అనకుండా లేవడం ఇంట్లో ప్రాక్టీస్ చెయ్యండి (నాకు మూడు వారాలు పట్టింది). ఇన్వెస్టర్లకు ఐడియా వినిపించే పిచ్ మధ్యలో 'మా రోజుల్లో' అన్నారో, ఇక అంతే.

చట్టంలో ఒక్క మినహాయింపు ఉండాలి. స్టార్టప్‌లకు డబ్బిచ్చే వెంచర్ ఫండ్లలో పెన్షన్ ఫండ్ల సొమ్ము కూడా ఉంటుంది, అంటే జీవితమంతా పనిచేసినవాళ్లు ముసలితనానికి దాచుకున్న డబ్బు. కాబట్టి కంపెనీ పెట్టడానికే వయోపరిమితి, డబ్బు పెట్టడానికి కాదు.