పొగ విడిపోయాక గాలిలో ఏం మిగులుతుంది?

భోగి వచ్చిందంటే చెన్నైలో పొగ మీద ఏటా ఒకటే చర్చ: గాలి నాణ్యత సూచీ ఎంతకు చేరింది, ఎన్ని విమానాలు ఆలస్యమయ్యాయి? 2018 భోగి నాడైతే పొగ, మంచు కలిసి రన్‌వే కనబడక విమానాలను వేరే ఊళ్లకు మళ్లించారు. మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది, పొగ విడిపోతుంది, అంతటితో మరిచిపోతాం. నా అభ్యంతరం ఆ మరుపు మీదే. కంటికి కనిపించే మసి కొద్ది రోజుల్లోనే కిందికి దిగిపోతుంది. కనిపించని కార్బన్ మోనాక్సైడ్ మాత్రం నెలా రెండు నెలలు గాలిలోనే ఉండి, ఖండాలు దాటిపోతుంది.

వీధి మొగలో వేసిన భోగి మంటను దగ్గర్నుంచి చూడండి. పిడకల దండలు, ఎండు కొమ్మలు ఉన్నంతసేపు భగ్గున మండుతుంది. ఆ తర్వాత పాత చాప, చివికిన పరుపు, తడిసిన అట్టపెట్టెలు, సైకిల్ టైరు వచ్చి పడతాయి. డప్పులు కొట్టిన పిల్లలు ఇళ్లకు పోయాక కుప్ప లోపల్లోపల రాజుకుంటూనే ఉంటుంది. మంట ఆరింది కదా అని పెద్దలూ తలుపులు వేసుకుంటారు. ఆక్సిజన్ చాలక కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా పుట్టేది సరిగ్గా అప్పుడే.

అది చేసే అసలు నష్టం హైడ్రాక్సిల్ దగ్గర మొదలవుతుంది. అతినీలలోహిత కిరణాలు ఓజోన్‌ను విడగొట్టినప్పుడు, నీటి ఆవిరితో కలిసి పుట్టే రాడికల్ ఇది, అంటే ఇతర వాయువులతో చప్పున చర్య జరిపే అణుఖండం. దాని ఆయుష్షు సుమారు ఒక సెకను. అయినా మీథేన్ సహా ఎన్నో వాయువులను తొలగించి గాలిని కడిగేది అదే. కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే హైడ్రాక్సిల్ దాని మీదే ఖర్చయిపోతుంది. మీథేన్ వంతుకు తక్కువ మిగులుతుంది, కాబట్టి ఆ మీథేన్ ఇంకొంత కాలం భూమిని వేడెక్కిస్తూ ఉండిపోతుంది. ఎండా తేమా పుష్కలంగా ఉండే ఉష్ణమండలంలోనే హైడ్రాక్సిల్ ఎక్కువ. చెన్నై ఉన్నది 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ప్రపంచపు గాలి ఎక్కువగా శుభ్రపడే చోటే మనం పొగ పెడుతున్నాం.

అడవులు, పొలాలు తగలబెడితే వచ్చే వాయువులు మొత్తం వాతావరణ రసాయనాన్నే ప్రభావితం చేస్తాయని వాతావరణ రసాయన శాస్త్రవేత్త పాల్ క్రుట్జెన్ బృందం 1979లోనే చెప్పింది. ఆయనే మరో వాతావరణ శాస్త్రవేత్త వీరభద్రన్ రామనాథన్‌తో కలిసి నడిపిన ఇండోయెక్స్ (హిందూ మహాసముద్ర ప్రయోగం) పరిశోధన, చలికాలపు గాలులు దక్షిణాసియా పొగను హిందూ మహాసముద్రం మీదికి మోసుకెళ్లడాన్ని 1999లో నమోదు చేసింది. 2019-20 ఆస్ట్రేలియా కార్చిచ్చుల పొగ చాలా ఎత్తున ఉండే స్ట్రాటోస్ఫియర్ అనే వాతావరణ పొర దాకా ఎగసి, అక్కడి క్లోరిన్ రసాయనాన్ని మార్చి ఓజోన్ పొరకే చేటు చేసింది.

ఆ అడవులెక్కడ, మన భోగి మంటెక్కడ అంటారా? నిజమే, ఒక్క పూట మంటతో ప్రపంచం మారదు. చెన్నైలోని తెలుగు కుటుంబాలు పిడకలు, ఎండు కట్టెలతో చిన్న మంట వేసుకుంటే నాకేం పేచీ లేదు. నా టెన్షన్ అంతా చెత్త గురించే. 2022 ఏప్రిల్‌లో చెన్నైలోని పెరుంగుడి డంప్‌యార్డు రోజుల తరబడి కాలింది. గుట్టల కింద గాలి తగలక కుళ్లే తడి చెత్త మీథేన్‌ను పుట్టిస్తుంది, నిప్పంటుకుంటే ఆ మీథేనే మంటను ఆరనివ్వదు. పైన సగం కాలిన ప్లాస్టిక్, బట్టల నుంచి కార్బన్ మోనాక్సైడ్ లేస్తుంది. భూమిని వేడెక్కించే వాయువూ, దాన్ని తొలగించే హైడ్రాక్సిల్‌ను ఖర్చుచేసే వాయువూ ఒకే గుట్ట నుంచి వస్తున్నాయన్నమాట.

గాలి నాణ్యత సూచీలో మీథేన్‌కు చోటే లేదు. ఆ సూచీ మన ఊపిరితిత్తుల కోసం పెట్టింది, వాతావరణం లెక్క దానికి అందదు. పెరుంగుడి, కొడుంగయూర్‌ డంప్‌యార్డుల దగ్గర ఈ రెండు వాయువులనూ ఏడాది పొడవునా కొలిచి ఆ అంకెలు జనం ముందు పెట్టాలి. బయోమైనింగ్‌తో పాత గుట్టలను తవ్వి, చెత్తను వేరుచేసి తీస్తున్నది మంచి పనే. కానీ ఇళ్లలో వేరు చేసిన తడి చెత్తను బండిలో మళ్లీ పొడి చెత్తతో కలిపేస్తున్నంత కాలం అక్కడ మీథేన్ పుడుతూనే ఉంటుంది. ముందు ఆపాల్సింది ఆ కలపడాన్ని.