కావడి మోసినవాడే కప్పు తెచ్చాడు

2022 డిసెంబర్ 18. ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్, మన దగ్గర రాత్రి తొమ్మిది దాటింది. ఫ్రాన్స్ మీద అర్జెంటీనా 2-0తో ముందుంది. ఇంకా హాఫ్ టైం కూడా కాలేదు, 41వ నిమిషం. సైడ్‌లైన్ దగ్గర బోర్డు లేచింది. ఫ్రాన్స్ ఫార్వర్డ్‌లు జిరూ బయటికి, డెంబెలె బయటికి. అప్పటికి ఫ్రాన్స్ తరఫున అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు జిరూ. గాయం లేదు, ఏమీ లేదు. ముఖంలో కోపం దాచుకోలేకపోయాడు. లోపలికి వచ్చినవాళ్లు తురామ్, కోలో మువానీ. రెండో సగంలో గ్రీజ్‌మన్‌ను కూడా తీసేశారు. టీవీ ముందు కూర్చున్న నేను ఫ్రాన్స్ కోచ్ డిడియర్ డెషాంప్స్‌కు మతి పోయిందనుకున్నాను.

80వ నిమిషంలో పెనాల్టీ తెచ్చింది ఆ కోలో మువానీయే. దాన్ని ఎంబాపె గోల్ చేశాడు, మరుసటి నిమిషంలోనే ఇంకొకటి కొట్టాడు. చచ్చిపోయిన మ్యాచ్ లేచి కూర్చుంది. చివరికి 3-3, పెనాల్టీల్లో ఓడారు. ఓడినా సరే, ఆ రాత్రి నుంచి నా అభిప్రాయం మారలేదు: ఈ తరం కోచ్‌లలో అందరికంటే తక్కువ గౌరవం దక్కినవాడు డిడియర్ డెషాంప్స్. దానికి కారణం ఆయన కోచింగ్ కాదు, ఆటగాడిగా ఆయన నిలబడ్డ చోటు.

ఆయన డిఫెన్స్‌కు కాస్త ముందు నిలబడే మిడ్‌ఫీల్డర్. ఎదుటివాడి కాళ్ల దగ్గర బంతి లాక్కోవడం, దాన్ని తనకంటే బాగా ఆడేవాడికి అందించడం, అదే పని. ఫ్రాన్స్‌కు 103 మ్యాచ్‌లు ఆడి కొట్టిన గోల్స్ 4. 1996లో ఫ్రాన్స్ స్టార్ ఫార్వర్డ్ ఎరిక్ కాంటోనా ఆయన్ని ‘నీళ్లు మోసేవాడు’ అన్నాడు. తిట్టుగానే అన్నాడు, ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. కానీ కావడి మోసిన ఊళ్లో పుట్టినవాళ్లకు తెలుసు ఆ పని ఏమిటో. రెండు బిందెల బరువూ సరిగ్గా తూగాలి, అడుగు తడబడకూడదు, నీళ్లు తొణకకూడదు. కావడి మోసేవాడు దారంతా చూసుకుంటూ నడుస్తాడు. గోల్ కొట్టేవాడికి గోల్‌పోస్టు కనిపిస్తే చాలు, డెషాంప్స్ నిలబడ్డ చోట నిలబడేవాడికి మిగతా ఇరవై ఒక్కమందీ కనిపించాలి. పేరున్న కోచ్‌లు గార్డియోలా, ఆంచెలొట్టి, షాబి అలొన్సో, అందరూ అటూ ఇటుగా అక్కడ ఆడినవాళ్లే. ఇది కాకతాళీయమంటే నేను ఒప్పుకోను.

కోచ్‌గా డెషాంప్స్ జాగ్రత్త ఎక్కడ పుట్టిందో కూడా చెప్పాలి. 1993 నవంబర్ 17, పారిస్. బల్గేరియాతో డ్రా చేసుకుంటే చాలు, ఫ్రాన్స్ 1994 ప్రపంచ కప్‌కు వెళ్తుంది. స్కోరు 1-1, ఆ ఒక్క గోల్ కొట్టింది కాంటోనాయే. మ్యాచ్ అయిపోవస్తోంది. బల్గేరియా మూలలో ఫ్రాన్స్‌కు ఫ్రీ కిక్ దొరికింది. బంతిని అక్కడే తొక్కిపెట్టి కాసేపు కాలం గడిపితే సరిపోయేది. ఫ్రాన్స్ వింగర్ జినోలా మాత్రం గోల్ వైపు ఎత్తి కొట్టాడు. అది ఎవరికీ అందకుండా అవతలికి పోయింది. బల్గేరియా కొద్ది తాపుల్లోనే ఇవతలికి వచ్చేసింది, కొస్టాడినోవ్ కొట్టిన షాట్ క్రాస్‌బార్ కింది అంచును తాకి లోపల పడింది. ఫ్రాన్స్ ఇంటికి. ఆ రోజు మైదానంలో ఉన్న మిడ్‌ఫీల్డర్లలో డెషాంప్స్ ఒకడు. ఒక్క అనవసరమైన క్రాస్ ఖరీదు ఎంతో కళ్లారా చూసినవాడు, ఇరవై ఐదేళ్ల తర్వాత తన జట్టుతో బంతిని ఎలా ఆడిస్తాడనుకున్నారు?

2018లో అలాగే ఆడించాడు. ఫైనల్లో బంతి ఎక్కువసేపు క్రొయేషియా దగ్గరే ఉంది, కప్పు 4-2తో ఫ్రాన్స్‌కు వచ్చింది. సెంటర్ ఫార్వర్డ్ జిరూ ఆ టోర్నీ మొత్తంలో గోల్ మీదికి ఒక్క షాట్ కూడా సరిగ్గా కొట్టలేదు. అయినా అతన్ని తీయలేదు. అతను డిఫెండర్లను తన మీదికి లాక్కుంటే ఎంబాపెకు, గ్రీజ్‌మన్‌కు ఖాళీ దొరికేది. ఎడమ వైపు వింగర్ బదులు కష్టజీవి మట్యుయిడిని పెట్టాడు. మధ్యలో కాంటె, అచ్చం ఒకప్పటి డెషాంప్సే. ఫైనల్లో ఆ కాంటె ఎల్లో కార్డు తెచ్చుకుని తడబడుతుంటే, 55వ నిమిషంలో మొహమాటం లేకుండా పిలిచేశాడు. జట్టు ఒక్క గోల్ ఆధిక్యంలో ఉంది, అలాంటప్పుడు తన ప్రతిరూపాన్నే బయటికి పిలవడానికి గుండె కావాలి. 1998లో కెప్టెన్‌గా ఎత్తిన కప్పు 2018లో కోచ్‌గా గెలిచాడు. ఆటగాడిగా, కోచ్‌గా రెండు విధాలా గెలిచినవాళ్లు అంతకు ముందు ఇద్దరే, బ్రెజిల్ జగాలో, జర్మనీ బెకెన్‌బావర్. క్లబ్ కోచ్‌గా మొనాకోను చాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు చేర్చడం, రెండో డివిజన్‌లోకి తోసేసిన యువెంటస్‌ను పైకి తేవడం, 18 ఏళ్ల తర్వాత మార్సెయ్‌కు లీగ్ టైటిల్ ఇవ్వడం, ఇవన్నీ ఎవరూ గుర్తు చేయరు.

బోర్ ఆట అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. 2024 యూరోలో, అంటే యూరప్ దేశాల కప్‌లో, సెమీస్‌కు వెళ్లేదాకా ఫ్రాన్స్ ఖాతాలో ఉన్నవి ప్రత్యర్థులు వేసుకున్న సెల్ఫ్ గోల్స్, ఒక పెనాల్టీ. అంతకు ముందు యూరోలో స్విట్జర్లాండ్‌పై 3-1తో ఉండి కూడా ఇంటికొచ్చారు. ఇంతమంది మెరికలు చేతిలో పెట్టుకుని ఇదా ఆడేది అని అడగొచ్చు. కానీ అంతే మెరికలున్న ఫ్రాన్స్ 2002లో ఒక్క గోల్ కొట్టకుండా వెనక్కి వచ్చింది, 2010లో ప్రాక్టీసే మానేసి గొడవ పెట్టుకుంది. మెరికలు ఉంటే కప్పులు వాటంతటవే రావు.

2026 ప్రపంచ కప్ తర్వాత తప్పుకుంటానని 2025 జనవరిలో ఆయనే చెప్పేశాడు. అప్పటి నుంచీ చర్చంతా తర్వాత ఎవరు, 1998 జట్టు సహచరుడు జిదానేనా అన్న దాని మీదే సాగింది.

మనకు ఆట అంటే గోల్, సిక్సర్, ముప్పై సెకన్ల రీల్. మిగతా 89 నిమిషాలు ఎవరు మోశారో చూసే ఓపిక పోయింది. ఆ లోపం నాలోనూ ఉంది. మా అక్క కొడుక్కి పదకొండేళ్లు, ఆదివారం ఆదివారం ఫుట్‌బాల్ కోచింగ్‌కి వెళ్తాడు. మిడ్‌ఫీల్డ్‌లో, వెనకగా ఆడతాడు. మొన్న మ్యాచ్ ఆడి ఇంటికి రాగానే నేను అడిగింది ఒకటే: ఎన్ని గోల్స్ కొట్టావురా? వాడు మట్టి పట్టిన షూ లేసు ముడి విప్పుకుంటూ, గోల్స్ లేవు మామయ్యా అన్నాడు. కాసేపటికి నేను అడగకుండానే, ఎన్నిసార్లు బంతి లాక్కున్నాడో ఒక్కో వేలూ మడుస్తూ లెక్కపెట్టి చెప్పాడు. తొమ్మిది. ఏది ఎవరి దగ్గర, గ్రౌండ్‌లో ఏ వైపు, అన్నీ గుర్తున్నాయి వాడికి.