బొమ్మ వెనక్కి తిప్పి చూసే చేతులు

పాత వారపత్రికలో కథకు వేసిన బొమ్మ ఒకటి చేతికి దొరికిందనుకోండి. అందరూ ముందువైపే చూస్తారు. వెనక్కి తిప్పితే అసలు సంగతులు బయటపడతాయి. అచ్చుకు వాడే బ్లాకు ఎంత వెడల్పుండాలో ప్రెస్సువాళ్లకు నీలం పెన్సిలుతో రాసిన కొలత, కథ పేరు, సంచిక తేదీ, ఒక్కోసారి చిత్రకారుడు ఎడిటరుకు రాసిన రెండు ముక్కలు. స్కానరు మీద ముందువైపు మాత్రమే తీసి ఊరుకుంటే ఇవన్నీ పోయినట్టే. వెనక్కి తిప్పి చూడాలని తెలియడానికి డాక్టరేట్లు అక్కర్లేదు. పక్కన కూచోబెట్టుకుని చెప్పే పెద్ద ఒకరు, నేర్చుకునే ఓపికున్న విద్యార్థి ఒకరు ఉంటే చాలు. తెలుగునాట ఆ ఇద్దరినీ ఒకచోట చేర్చే ఇంటర్న్‌షిప్‌ల ఏర్పాటే సరిగా లేదు.

చిత్రకారుడు దామెర్ల రామారావు రాజమహేంద్రవరంలో 1897లో పుట్టి, 1925లో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూశాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతివాటం గుర్తించి ప్రోత్సహించాడు. బొంబాయి జె.జె. స్కూల్లో చదివొచ్చి రామారావు సొంత ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టాడు. నూరేళ్ల తరవాత కూడా మనం ఆయన బొమ్మల ముందు నిలబడగలుగుతున్నామంటే, ఆ ఊళ్లో ఆయన పేరిట ఒక గ్యాలరీ ఉండబట్టే. మరి తరవాతివాళ్ల సంగతేమిటి? వడ్డాది పాపయ్య 1992లో పోయారు. కాపు రాజయ్య, కొండపల్లి శేషగిరిరావు ఇద్దరూ 2012లో, బాపు 2014లో వెళ్లిపోయారు. ఇంత పేరు లేని చిత్రకారులు, డ్రాయింగు మాస్టర్లు జిల్లాజిల్లాకూ ఉన్నారు. చిత్రకారుడు పోయాక ఇంట్లో మిగిలేవి ఫ్రేములు కట్టిన పటాలొక్కటే అయితే బాధ లేదు. స్కెచ్ పుస్తకాలుంటాయి, స్నేహితుల ఉత్తరాలుంటాయి, ప్రదర్శనల ఆహ్వానపత్రాలు, పేపరు కత్తిరింపులు, గ్రూపు ఫొటోలు ఉంటాయి. పటాలను మ్యూజియమో, మనసున్న ధనికుడో కొనుక్కుంటాడు. మిగతాది అటక ఎక్కుతుంది. ఇల్లు మారినప్పుడు పాత పేపర్లవాడి తక్కెట్లోకి దిగుతుంది.

ఇందులో పత్రికల పాపం కూడా ఉంది. బ్లాకు తీశాక అసలు బొమ్మను పదిలంగా దాచిన కార్యాలయాలు తక్కువ. పత్రికవాళ్లుగా మేమూ ఆ బాధ్యత నుంచి తప్పించుకోలేం.

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి మూడేళ్ల డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఆలోచన మంచిదే. కానీ ప్రతి ఊళ్లోనూ అంతమందికి పని చూపించే సంస్థలు ఎక్కడున్నాయి? తెలిసినవాళ్ల దుకాణంలో సంతకం పెట్టించుకుని, నెట్‌లోంచి దించిన రిపోర్టుకు స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేస్తున్న పిల్లలు ఉన్నారని అధ్యాపకులే చెబుతుంటారు. ఒకవైపు పని కోసం వెతుక్కునే విద్యార్థులు, మరోవైపు చేతులు లేక చెదలకు వదిలేసిన కాగితాలు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైనార్ట్స్ విశ్వవిద్యాలయం, కేంద్రీయ విశ్వవిద్యాలయం, విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం... చిత్రకళ నేర్పే చోట్లు మనకు లేకపోలేదు. చరిత్ర, తెలుగు, కంప్యూటర్లు చదివేవాళ్లు కూడా ఈ పనికి పనికొస్తారు. గొలుసుకట్టు రాతలో ఉన్న ఉత్తరం చదవగలిగిన తెలుగు విద్యార్థి, పాత కాగితాలు భద్రపరిచే ఆర్కైవుకు స్కానరుకన్నా విలువైనవాడు.

పని ఎలాంటిదో చెప్పకుండా పిల్లల్ని పంపితే లాభం లేదు. మొదటి వారమంతా తుప్పు పట్టిన పిన్నులు ఊడదీయడంతోనే గడుస్తుంది. పిన్ను లాగేస్తే కాగితం చిరుగుతుంది, వేళ్లతో మెల్లగా కాళ్లు విప్పి తీయాలి. ఎప్పుడో అతికించిన సెల్లోటేపు పసుపు మరక మిగిల్చి ఉంటుంది, దాన్ని గోకకూడదు. ఫొటోను అంచులు పట్టుకునే ఎత్తాలి. నంబరు వేయాలంటే వెనకవైపు ఒక మూల, మెత్తని పెన్సిలుతోనే వేయాలి, పెన్ను గదిలోకే రాకూడదు. కొలత రాసేటప్పుడు ఎత్తు ముందు, వెడల్పు తరవాత. ఇది తారుమారైతే నిలువు పటం జాబితాలో అడ్డం పటమైపోతుంది, పదేళ్ల తరవాత వెతికేవాడికి దొరకదు. చిత్రకారుడు పోయిన 60 ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుందనీ, చేతిలో ఉంది కదా అని బొమ్మను వాట్సాప్‌లో పంచకూడదనీ కూడా మొదటి రోజే చెప్పాలి. ఇవన్నీ నేర్చినవాడికి ఇంటర్న్‌షిప్ నెలలు వృథా పోవు. నేర్పకుండా టీలు తెప్పించి, జిరాక్సులు తీయించి, బీరువాలు మోయించి సర్టిఫికెట్టు చేతిలో పెట్టడం మాత్రం అన్యాయం.

డబ్బు సంగతి ఇంకా సూటిగా మాట్లాడాలి. జీతం లేని ఇంటర్న్‌షిప్ ఎవరు చేయగలరు? నగరంలో సొంతిల్లున్నవాళ్ల పిల్లలు. సిద్దిపేట నుంచో పలాస నుంచో వచ్చేవాడికి గది అద్దె, మెస్సు ఖర్చు ఎవరిస్తారు? అమెరికాలో ఆర్ట్ మ్యూజియం డైరెక్టర్ల సంఘం 2019లో ఇంటర్న్‌లకు డబ్బు చెల్లించాలని తీర్మానించింది. లాస్ ఏంజెలెస్‌లోని గెట్టి సంస్థ 1993 నుంచే, కళాసంస్థల్లో తక్కువగా కనిపించే వర్గాల విద్యార్థులకు వేతనంతో ఇంటర్న్‌షిప్‌లు ఇప్పిస్తోంది. పటచిత్రాలు గీసే చేర్యాల నకాషీల ఇంటి పిల్ల, కలంకారీ పనిచేసే శ్రీకాళహస్తి కుటుంబంలోని కుర్రాడు తమ పెద్దల పనిని తామే జాబితా రాయగలగాలంటే, నెలనెలా కనీసం బతుకు ఖర్చయినా చేతికి అందాలి. జాబితాలో ఆ విద్యార్థి పేరు కూడా నమోదు కావాలి.

స్వచ్ఛంద సేవ వేరు. 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి ఫ్లారెన్స్ నగరం మునిగినప్పుడు, దేశదేశాల విద్యార్థులు వచ్చి జాతీయ గ్రంథాలయం నేలమాళిగలోంచి బురద పుస్తకాలను చేతికి చేయి అందించి పైకి తెచ్చారు. వాళ్లను ఆ ఊరు బురద దేవదూతలని పిలుచుకుంది. అయితే తడిసిన పుస్తకాలను ఆరబెట్టి, విప్పి, కుట్టి మళ్లీ నిలబెట్టే పని దశాబ్దాలు పట్టింది. అది చేసింది జీతం తీసుకునే నిపుణులు. మనకూ ఇలాంటి అనుభవం ఉంది. 2000 ఆగస్టు వరదలో హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అరుదైన ఉర్దూ పుస్తకాలు నీట మునిగాయి. ఆపదలో పరుగెత్తుకొచ్చేవాళ్లకు ఎప్పుడూ దండం పెట్టాలి. వాళ్లను చూపించి ఖాళీ పోస్టులు నింపకుండా నెట్టుకు రావడాన్ని మాత్రం మేము ఒప్పుకోం. ప్రతి ఆర్కైవుకూ కనీసం ఒక శిక్షణ పొందిన శాశ్వత ఉద్యోగి ఉండాలి. ఆ ఒక్కరు లేని చోటికి పదిమంది ఇంటర్న్‌లను పంపితే వాళ్లకు నేర్పేది ఎవరు, తప్పు చేస్తే పట్టుకునేది ఎవరు?

రెండు ప్రభుత్వాల ఉన్నత విద్యామండళ్లు, సాంస్కృతిక శాఖలు కలిసి కూచుని, జిల్లాల్లో కళాసేకరణలున్న గ్యాలరీల, గ్రంథాలయాల, కుటుంబాల జాబితా ఒకటి కాలేజీల చేతికివ్వాలి. ఎవరు నేర్పుతారు, ఎంత ఇస్తారు, ఏ పని చేయిస్తారు అన్నది అందులోనే రాసి ఉండాలి.

అన్నిటికన్నా తొందర గ్రూపు ఫొటోలది. కాగితాన్ని డబ్బాలో పెడితే కొన్నేళ్లు ఆగుతుంది, మనుషులు ఆగరు. ఎనభై దాటిన చిత్రకారుల ఇళ్లకు, వాళ్ల భార్యల దగ్గరికి, శిష్యుల దగ్గరికి ఒక ఫొటోల కట్ట, ఒక పెన్సిలు, ఫోనులో రికార్డరు పట్టుకుని వెళ్లి, "ఎడమ నుంచి మూడో ఆయన ఎవరండీ, బామ్మగారూ?" అని అడిగే పిల్లలు కావాలి. ఈ ఒక్క పనికి పెద్ద భవనం, పెద్ద బడ్జెట్టు ఏవీ అక్కర్లేదు. వచ్చే వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.