ఫిడేలు జాన్ కార్సన్‌కి దండ వేయాలా?

(ఒక వయొలిన్ మేష్టారు, ఆయన దగ్గర పదేళ్లుగా నేర్చుకుంటున్న శిష్యురాలు. సంగీత పాఠశాల వార్షికోత్సవంలో అమెరికన్ ఫిడేలు గాయకుడు ఫిడ్లిన్ జాన్ కార్సన్ ఫొటో పెట్టి, దండ వేసి, అతని గురించి పది నిమిషాలు మాట్లాడాలని మేష్టారి కోరిక.)

మేష్టారు: ఆ రికార్డు విన్నావుగా అమ్మా. ఫిడేలు వాయిస్తూ తనే పాడతాడు. గొంతు ఎటు సాగితే కమాను అటే సాగుతుంది. పక్కన తాళం లేదు, తోడు లేదు. ఎంత కష్టమో నీకు వేరే చెప్పాలా?

శిష్యురాలు: వాయిద్యం గురించి నాకు పేచీ లేదు మేష్టారూ. దండ దగ్గరే నా అభ్యంతరం.

మేష్టారు: ముందు అతని బతుకు చూడు. అమెరికాలో జార్జియా రాష్ట్రపు కొండల్లోంచి అట్లాంటా వచ్చి బట్టల మిల్లుల్లో పనిచేశాడు. 1914లో ఫుల్టన్ మిల్లులో సమ్మె జరిగింది. ఆ రోజుల్లో వీధుల్లో వాయించి ఇల్లు నెట్టుకొచ్చాడు. 1922లో అట్లాంటా రేడియోలో పాడాడు. మరుసటి ఏడాది, 1923 జూన్‌లో, పోల్క్ బ్రాక్‌మన్ అనే వ్యాపారి పట్టుబట్టడంతో ఓకే (OKeh) అనే రికార్డుల కంపెనీ మనిషి రాల్ఫ్ పీర్ అట్లాంటాలోనే రికార్డు చేశాడు. పాడింది పరమ ఘోరంగా ఉందని పీర్ తీసిపారేశాడంటారు. బ్రాక్‌మన్ మాత్రం 500 కాపీలు చేయించుకున్నాడు. చూస్తుండగానే అమ్ముడైపోయాయి! పల్లెటూరి పాటకు డబ్బిచ్చి కొనే జనం ఉన్నారని కంపెనీలకు తెలిసొచ్చింది. ఈ రోజు కంట్రీ మ్యూజిక్ అంటున్నామే, ఆ వ్యాపారానికి దారి వేసినవాళ్లలో ఇతనొకడు.

శిష్యురాలు: ఆ రికార్డులో పాడిన ఒక పాట ఏమిటి? 1871లో విల్ హేస్ రాసిన ముసలి బానిస పాట. బానిసలు పనిచేసిన ఆ పాత తోటల రోజులు పోయాయని ఆ ముసలాయన వగచినట్టు ఒక తెల్లవాడు రాశాడు. సరే, అది అప్పట్లో అందరూ పాడిందే అనుకుందాం. లియో ఫ్రాంక్ సంగతి అలా కొట్టిపారేయలేం.

మేష్టారు: అక్కడికే వస్తావని తెలుసు.

శిష్యురాలు: రాకుండా ఎలా? 1913 ఏప్రిల్‌లో అట్లాంటా పెన్సిల్ ఫ్యాక్టరీలో మేరీ ఫాగన్ అనే 13 ఏళ్ల పిల్ల హత్యకు గురైంది. మేనేజరు లియో ఫ్రాంక్ యూదుడు. అతనికి ఉరిశిక్ష వేశారు. సాక్ష్యాలు చూసిన గవర్నర్ స్లేటన్ 1915 జూన్‌లో దాన్ని యావజ్జీవంగా మార్చాడు. ఆగస్టులో ఒక గుంపు అతన్ని జైల్లోంచి లాక్కెళ్లి మారియెటా అనే ఊళ్లో చెట్టుకు ఉరేసింది. ఫ్రాంకే హంతకుడని పాట కట్టి కార్సన్ వీధుల్లో పాడాడు. ఉరేశాక మారియెటా కోర్టు మెట్ల మీద, చేరిన జనానికి అదే పాట వినిపించాడు. ఇక దాన్ని ఏమనాలి?

మేష్టారు: కూలి పిల్ల చచ్చిపోయిందమ్మా. మిల్లులో పనిచేసినవాడి కడుపు మండదా? ఊరంతా నమ్మినదే అతనూ నమ్మాడు. ఆ మంట నిజం.

శిష్యురాలు: మంట నిజమే. దాన్ని ఒక మనిషి పేరు మీదికి తిప్పింది ఎవరు? పైగా అది ఆ వేడిలో అన్న మాట అనడానికి లేదు. పదేళ్లు గడిచాక, 1925లో, కూతురు రోజా లీ చేత అదే పాట పాడించి రికార్డుగా వేశారు. అప్పటికి ఎవరి ఆవేశం? పాట అమ్ముడుపోతుందన్న లెక్క అది.

మేష్టారు: అమ్ముకోకపోతే తినేదేమిటి? నువ్వు రైతు పాట మర్చిపోతున్నావు. 1923లోనే రికార్డు చేశాడు: అందరికీ తిండి పెట్టేది రైతు, పంట చేతికొచ్చేదాకా బతికేది అప్పు మీద అని. గుంటూరులో, వరంగల్‌లో పత్తి వేసేవాళ్ల దగ్గర ఆ పాట పెట్టు, భాష రాకపోయినా భావం చెబితే చాలు, తల ఊపుతారు. అప్పుల వాళ్ల బాధ పాడినవాడిని ఒక్క పాటతో తూచేస్తామా?

శిష్యురాలు: ఒక్క పాటేనా? తరవాత యూజీన్ టాల్మడ్జ్ ఎన్నికల సభల్లో వాయించాడు. నల్లవాళ్లను తెల్లవాళ్లతో కలవనివ్వనన్న నాయకుడు ఆయన. చివరికి రాష్ట్ర శాసనసభ భవనంలో లిఫ్టు నడిపే ఉద్యోగం దొరికింది.

మేష్టారు: అదే నన్ను బాధపెడుతుంది. అంత పేరు మోసినవాడు ముసలితనంలో లిఫ్టు నడిపాడు. 1949లో పోయాడు. రికార్డుల వాళ్లు మాత్రం బాగుపడ్డారు.

శిష్యురాలు: అతని పేదరికానికి నాకూ జాలి ఉంది మేష్టారూ. కానీ లియో ఫ్రాంక్‌కి జార్జియా రాష్ట్రం క్షమాపత్రం ఇచ్చింది 1986లో, చనిపోయి 70 ఏళ్లు దాటాక. కాపాడలేకపోయామని ఒప్పుకున్నారే గాని, నిర్దోషి అని అప్పుడు కూడా తేల్చి చెప్పలేదు. పాట మాత్రం ఎప్పుడో తీర్పు చెప్పేసింది.

మేష్టారు: అయితే పిల్లలకు ఇతని పేరే చెప్పొద్దంటావా?

శిష్యురాలు: చెప్పండి. రైతు పాట మీరే వాయించండి. మేరీ ఫాగన్, లియో ఫ్రాంక్ ఎవరో నేను చెబుతాను. నాకు ఐదు నిమిషాలు ఇవ్వండి.

మేష్టారు: ఇస్తాను. దండ మాత్రం వేస్తాను. ఆ చేతికి వేస్తాను, మనిషికి కాదు.

శిష్యురాలు: ఆ కోర్టు మెట్ల మీద వాయించింది కూడా ఆ చెయ్యే మేష్టారూ. మీరు దండ వేసేటప్పుడు నేను స్టేజీ మీద ఉండను.