డిసెంబరు 3న కలుద్దాం

వైకల్యం వల్ల ఇంటికే పరిమితమైన వారిని చుట్టుపక్కల సమాజంతో కలపాలన్న ఆరాటం ఈ మధ్య కొందరిలో మరీ ఎక్కువైంది. ఇరుగుపొరుగువారి సంఘంలో చాలాకాలంగా కార్యవర్గ సభ్యుడిగా ఉన్న అనుభవంతో, ఈ ఆరాటానికి పగ్గం వేయవలసిన అవసరం గురించి నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. కలవడానికంటూ మనకు ఒక రోజు ఉంది. ఐక్యరాజ్యసమితి 1992లోనే డిసెంబరు 3ను అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవంగా ప్రకటించింది. ఆ రోజు మేం బ్యానరు కడతాం, ప్రసంగాలు చేస్తాం, చక్రాల కుర్చీలో ఉన్న ఒకాయనను నలుగురం పట్టి వేదిక మీదికి ఎత్తుతాం, ఫొటో దిగుతాం, మళ్లీ నలుగురం పట్టి దించుతాం. ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉండగా మిగిలిన 364 రోజులు కూడా కావాలనడం అత్యాశ కాదా?

ఆ ఒక్కాయన తప్ప మా పరిధిలో అలాంటివారు ఇంకెవరైనా ఉన్నారా అన్నది కూడా సందేహమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం దాదాపు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, చెప్పుకోదగ్గ వైకల్యంతో జీవిస్తున్నారు. మా కార్యవర్గంలో 12 మందిమి ఉన్నాం. ఆ లెక్కన ఇద్దరు ఉండాలి, ఒక్కరూ లేరు. మా సమావేశాలు లిఫ్టు లేని భవనం పై అంతస్తులో జరుగుతాయి. ఇన్నేళ్లలో చక్రాల కుర్చీతో ఎవరూ మెట్లెక్కి వచ్చి చోటు అడగలేదు. నోటీసును చిన్న అక్షరాలతో గోడకు అంటిస్తాం. చూపులేనివారెవరూ దాన్ని చదివి అభ్యంతరం చెప్పలేదు. సంజ్ఞా భాష దుబాసీ ఎవరికైనా కావాలా అని మైకులో మూడుసార్లు అడిగాం. వినికిడి లేనివారు ఒక్కరూ పలకలేదు. ఇంతకన్నా శాస్త్రీయమైన సర్వే ఏముంటుంది?

ర్యాంపు ప్రతిపాదన కూడా పరిశీలించాం. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున వాలు ఉండాలని నిపుణుల కొలత. మా గుమ్మం ముందరి మూడు మెట్లూ కలిపి అడుగున్నర ఎత్తు, అంటే 18 అడుగుల వాలు కావాలి. ఆ చోట కార్యవర్గం వారి బళ్లు నిలుస్తున్నాయి. అందుకని మెట్లను వదిలేసి మాటను మార్చాం. వికలాంగులు అనడం మానేసి విభిన్న ప్రతిభావంతులు అంటున్నాం. పేరు మార్చడానికి సిమెంటు అక్కర్లేదు.

ఇక మేం వేదికెక్కించే ఆ పెద్దమనిషి ఒంటరిగా ఉన్నారని కొందరి వాదన. నేను స్వయంగా లెక్క తీశాను. ఒక్క వారంలో ఆయన గడప తొక్కినవారు: నర్సు, ఫిజియోథెరపిస్టు, స్నానం చేయించే సహాయకుడు, ఆస్పత్రికి తీసుకెళ్లే డ్రైవరు, ఏవో ఫారాలు నింపించుకునే ఉద్యోగి. ఐదుగురు! మా ఇంటికి వారానికి అంతమంది రారు. వీరంతా జీతానికి వచ్చేవారేననీ, డ్యూటీ దిగాక ఊరికే కబుర్లాడడానికో, చేబదులు అడగడానికో ఆయన దగ్గరికి వచ్చే మనిషి ఒక్కరూ లేరనీ, ఒకరి సేవ అందుకోవడం వేరు, ఒకరికి అవసరపడడం వేరనీ ఆ వాదులు అంటారు. ఈ రెండో సంగతిలోనే ప్రమాదం ఉంది. ఆయన ఒకప్పుడు పద్దులు రాసిన మనిషి. మా కోశాధికారికి కూడికలు సరిగా రావు (ఇది కార్యవర్గం లోపలి మాట). అంతమాత్రాన ఆయనకు పద్దులు అప్పగిస్తే ఏమవుతుంది? ప్రతి నెలా రావాలి. వస్తే పరిచయాలవుతాయి. పరిచయాలయ్యాక అభిప్రాయాలు చెబుతారు, పోట్లాడతారు, ఏదో ఒకనాడు అందరిలాగే ఆలస్యంగా కూడా వస్తారు. ఆ తర్వాత ఆయన్ను చూసి స్ఫూర్తి పొందడం ఎలా? మాలాగే విసుగు పుట్టించే మనిషిని వేదికెక్కించి చప్పట్లు కొట్టగలమా?

కెనడాలో ఇలాంటి పొరపాటు జరిగింది. 1980 ప్రాంతంలో టొరంటోలో జుడిత్ స్నో అనే మహిళ సంరక్షణ గృహంలో నలిగిపోతుంటే, స్నేహితులు కొందరు ఆమె చుట్టూ చేరి, ఏం కావాలో ఆమెనే అడిగి, బయట తన పద్ధతిలో తాను బతికే ఏర్పాటు సాధించారు. బ్యానరు కట్టకుండా, ముఖ్య అతిథిని పిలవకుండా చేసిన ఆ పనిని సహాయ వలయం అనే పేరుతో ఇతర దేశాలవారు కూడా అనుకరించారు.

ఇంటి నుంచే సమావేశంలో పాల్గొనే వీలు కల్పించమన్నవారికి, అది సాంకేతికంగా అసాధ్యమని ఏళ్ల తరబడి జవాబిచ్చాం. 2020లో మేమే గడప దాటలేని పరిస్థితి వచ్చేసరికి అది వారం రోజుల్లో సాధ్యమైంది. మేం బయటికి రాగానే మళ్లీ అసాధ్యమైంది.

వికలాంగుల హక్కుల మీద 2006లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 19వ అధికరణం ఒకటి మా మీదికి తెస్తుంటారు. అందరితో సమానంగా సమాజంలో జీవించడం హక్కట. ఒంటరిపడకుండా, వేరుపడకుండా తోడ్పాటు అందాలట. దయ అయితే మన వీలు చూసుకుని చూపించవచ్చు, హక్కు అన్నాక అవతలివారు తారీఖు అడుగుతారు. పోయిన డిసెంబరు 3న అదే జరిగింది. కృతజ్ఞతలు చెప్పమని ఆయనకు రెండు నిమిషాలు మైకు ఇచ్చాం. ఆయన దాన్ని పుచ్చుకుని, “వచ్చే నెల మీటింగు ఎన్నో తారీఖండీ?” అని అడిగి ఊరుకున్నారు. జవాబు ఏం చెప్పాలో తేల్చడానికి ముగ్గురితో ఉపసంఘం వేశాం. అది ప్రతి నెలా మొదటి ఆదివారం పై అంతస్తులో సమావేశమవుతోంది.