కాస్త చూసుకోండి

ఏడాదికోసారి ఆ మెయిలు వస్తుంది. ‘మీ నైతిక శిక్షణ గడువు శుక్రవారంతో ముగుస్తుంది.’ పక్కన ఎర్ర జెండా బొమ్మ. నీతికి గడువు తేదీ ఉంటుందనీ, అది శుక్రవారం సాయంత్రమనీ, పూర్తి చెయ్యనివాళ్ళ పేర్లు సోమవారం మేనేజరుకి వెళ్తాయనీ ఇంత ముక్కుసూటిగా చెప్పేశాక వ్యంగ్యం రాసుకుని బతికేవాళ్ళకి మిగిలే పనేమీ లేదు. అయినా ఆ కోర్సులో పదిహేడో స్లయిడు ఒకటుంది. దాన్ని వదిలిపెట్టడం నా వల్ల కాదు.

ముందు కోర్సు సంగతి. నలభై స్లయిడ్లు, ముప్పావు గంట. ఆడియో పూర్తయ్యేదాకా ‘నెక్స్ట్’ బటన్ బూడిద రంగులోనే ఉంటుంది, నొక్కినా కదలదు. దీనికి విరుగుడు ఉద్యోగలోకం ఏనాడో కనిపెట్టింది. సౌండు తీసెయ్యాలి, పక్క ట్యాబులో అసలు పని చేసుకోవాలి, నిమిషానికోసారి వచ్చి ఒక నొక్కు నొక్కి పోవాలి. చివర్లో పది ప్రశ్నలు, ఎనిమిది రైటయితే పాసు. తప్పితే మళ్ళీ రాయొచ్చు, ఎన్నిసార్లయినా. నాలుగు జవాబుల్లో ఏది పొడుగ్గా ఉంటే అదే కరెక్టు. ‘పైవన్నీ’ కనబడితే ప్రశ్న చదవనక్కర్లేదు. ‘నా పై అధికారిని సంప్రదిస్తాను’ కనబడితే కళ్ళు మూసుకుని నొక్కొచ్చు. ఆ పై అధికారే అసలు సమస్య అయిన ప్రశ్న మాత్రం పదిలో ఒక్కటీ ఉండదు.

జవాబుల స్క్రీన్‌షాట్ గురువారానికల్లా గ్రూపులో తిరుగుతుంది. నీతి పరీక్షలో కాపీ ఏమిటని నవ్వకండి, దీనికి పెద్దల ఆశీస్సులున్నాయి. ప్రపంచంలోని నాలుగు పెద్ద ఆడిట్ సంస్థల్లో ఒకటైన ఎర్నెస్ట్ అండ్ యంగ్‌కి 2022 జూన్‌లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 10 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. నేరం, ఆడిటర్లు లైసెన్సు పరీక్షల్లో కాపీ కొట్టడం. అందులోనూ నైతికత పేపర్లో. కాపీ కొట్టినవాళ్ళు ఊళ్ళో వాళ్ళ లెక్కల్లో తప్పులు పట్టే ఆడిటర్లన్నమాట. చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. ఇక్కడ మతి పోలేదు, పాస్ మార్కు వచ్చింది.

ఇక పదిహేడో స్లయిడు. అందులో రవి అని ఒకతను ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ట్యాగు, అకారణమైన చిరునవ్వు. ఒక సరఫరాదారు అతనికి పెన్నూ డైరీ పంపాడు. రవి ఏం చెయ్యాలి? నీతిశాస్త్రం పుట్టి ఇన్ని వేల ఏళ్ళయ్యాక మానవజాతి ముందున్న ధర్మసంకటం ఇది. రవి గిఫ్ట్ రిజిస్టరులో నమోదు చెయ్యాలి. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, తేదీ, సందర్భం, అంచనా విలువ. అంచనా ఎవరు కడతారు? రవి కట్టకూడదు, స్వప్రయోజనం అడ్డొస్తుంది. కాబట్టి ముగ్గురు సభ్యుల కమిటీ. కమిటీకి గది బుక్ చెయ్యాలి, అజెండా పంపాలి. ఒక సభ్యుడు పెన్ను ఇంకు రంగు అడుగుతాడు, ఎందుకో ఆయనకీ తెలీదు. ఇంకొకాయన డైరీ ఏ సంవత్సరానిదో చూడమంటాడు. నిరుటిదైతే విలువ తగ్గుతుంది కదా, పాయింటే. గంటసేపు ముగ్గురి జీతం కలిపితే అలాంటి పెన్నులు ఓ గ్రోసు వస్తాయి. చివరికి పెన్ను సంస్థ ఆస్తి అని తీర్మానించి, మినిట్స్ మీద సంతకం పెట్టబోతే ఎవరి దగ్గరా పెన్ను ఉండదు. ఆ పెన్నుతోనే పెడతారు. తర్వాత దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళానికి ఇంకో రిజిస్టరు తెరుస్తారు. రవి చిరునవ్వు చెదరదు.

ఆ మధ్యాహ్నమే అదే రవి బల్ల దగ్గరికి మేనేజరు వస్తాడు. రేపు సరుకు వెళ్ళాలి. పద్ధతి ప్రకారం ఇరవై నమూనాలు తీసి, 48 గంటలు పరీక్షలో ఉంచి, అప్పుడు రిపోర్టు రాయాలి. 48 గంటలు లేవు, 18 ఉన్నాయి. మేనేజరు కూర్చోడు. బల్ల మీద రెండు వేళ్ళతో తాళం వేసి, గోడ గడియారం వంక చూసి, ‘రవిగారూ, కాస్త చూసుకోండి’ అని వెళ్ళిపోతాడు.

చూసుకోండి. ఈ ఒక్క మాట మీద నడిచినన్ని ఆఫీసులు ప్రపంచంలో ఏ నియమావళి మీదా నడవలేదు. వ్యాకరణం ప్రకారం ఇది విధ్యర్థకం, కానీ విధి ఏమిటో చెప్పదు. ఏం చూసుకోవాలి? కర్మ లేదు. కర్త ఎవరో తర్వాత విచారణ కమిటీ తేలుస్తుంది, ఆ కర్త ఎప్పుడూ విన్నవాడే అవుతాడు గాని అన్నవాడు కాడు. కర్మ కూడా వాడిదే. ‘నేను చూసుకోమన్నాను గానీ అంకెలు మార్చమన్నానా?’ అని మేనేజరు అడిగితే సమాధానం లేదు. అనలేదు, నిజమే. ‘ప్రాక్టికల్‌గా ఆలోచించండి’, ‘టీమ్ ప్లేయర్‌లా ఉండండి’, ‘ఇప్పుడిది అవసరమా?’ అన్నవి దీని తోబుట్టువులు. ‘పైనుంచి ప్రెషర్’ పెద్దన్న. ఆ పైన ఎవరున్నారని మెట్టు మెట్టూ ఎక్కుతూ పోతే చిట్టచివరి అంతస్తులో ఉన్నాయన కూడా కిటికీలోంచి ఆకాశం చూపిస్తాడు.

రవి ఒక్కరోజులో అంకెలు మార్చడు, ఎవరూ మార్చరు. మొదటి నెల యంత్రం నిజంగానే చెడిపోతుంది, ఇరవై బదులు పదహారు నమూనాలు పెడతారు. దానికి కారణం రాసి, మినహాయింపు ఫారం నింపి, సంతకాలు తీసుకుంటారు. అంతా సక్రమమే. రెండో నెల యంత్రం బాగానే ఉంటుంది, కానీ పోయిన నెల పదహారుకే ఏమీ కాలేదు కదా! ఈసారి ఫారం ఉండదు, మాట ఉంటుంది. తర్వాత పది. తర్వాత 48 గంటలు కాస్తా ‘రాత్రంతా’ అవుతుంది. ఆ తర్వాతొక రోజు పాత ఫైలు తెరిచి ‘సేవ్ యాజ్’ కొట్టి తేదీ మారుస్తారు. ప్రతి మెట్టూ అంతకుముందు మెట్టు కంటే అంగుళమే కింద. మొదటి మెట్టు మీద నిలబడి చివరిది చూసి ఉంటే రవి హడలిపోయేవాడు. పక్క మెట్టు చూశాడు, దిగాడు.

బయటపడేది కూడా ఏ అంతరాత్మ ఘోషతోనో కాదు, పరమ నాసిరకంగా. రెండు నెలల రిపోర్టుల్లో మూడో దశాంశ స్థానం దాకా అవే అంకెలు ఉంటాయి. ఫైలు ప్రాపర్టీస్‌లో తయారైన తేదీ పాతదే ఉంటుంది. పరీక్ష జరిగిందన్న రోజున యంత్రం ఆన్ చెయ్యలేదని దాని లాగ్ చెబుతుంది. ఆ రోజు సెలవులో ఉన్న ఆపరేటరు సంతకం నిక్షేపంలా ఉంటుంది.

మరి మూడు సంతకాలున్నాయే అంటారా? తయారుచేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. సరిచూసేవాళ్ళున్నారని తయారుచేసినవాడు ధీమాగా ఉంటాడు. ఫలానావాడు తయారుచేశాడంటే సరిగ్గానే ఉంటుందని సరిచూసేవాడు చూడడు. కింద రెండు సంతకాలు ఉన్నాయి కదా అని ఆమోదించేవాడు మూడోది పెడతాడు. తిలా పాపం తలా పిడికెడు. 1968లో లటానే, డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. గదిలో ఒంటరిగా ఫారం నింపుతున్న మనిషి మీదికి గోడ సందులోంచి పొగ వదిలారు. నూటికి 75 మంది లేచి వెళ్ళి చెప్పారు. అదే గదిలో పొగ పట్టించుకోవద్దని ముందే చెప్పి ఉంచిన ఇద్దరిని పక్కన కూర్చోబెడితే, లేచినవాళ్ళు నూటికి పది మందే. మిగతావాళ్ళు దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ ఫారం నింపుతూనే ఉన్నారు. ఏ రివ్యూ మీటింగుకి వెళ్ళినా ఈ ప్రయోగం ఉచితంగా చూడొచ్చు. ‘ఎవరికైనా అభ్యంతరమా?’ అని అధ్యక్షుల వారు తన అభిప్రాయం మొత్తం చెప్పేశాక అడుగుతారు. రెండు క్షణాల నిశ్శబ్దం. మినిట్స్‌లో ‘ఏకగ్రీవం’ అని పడుతుంది.

ఇంతకీ ఈ కోర్సులు ఎవరి కోసం? రవి కోసమైతే కాదు. పరీక్ష చెయ్యకుండా చేశానని రాయడం తప్పని రవికి తెలుసు, వాళ్ళ చిన్నపిల్లకీ తెలుసు. అమెరికాలో 1991లో సంస్థల శిక్షలకు మార్గదర్శకాలు వచ్చాయి. నేరం చేసిన సంస్థకు జరిమానా ఎంతో లెక్కకట్టేందుకు ముందు 5 దోష పాయింట్లతో మొదలుపెడతారు. నేరం జరిగేనాటికే సంస్థలో సరైన నిబంధనల పాలన కార్యక్రమం ఉంటే 3 పాయింట్లు తీసేస్తారు. చట్టం పనిచేసే కార్యక్రమమనే అడిగింది. పనిచేయడాన్ని ఫోటో తీయలేం కాబట్టి సంస్థలు హాజరు పట్టీ తెచ్చి చూపించడం మొదలుపెట్టాయి. ‘అయ్యా, మేం వాడికి చెప్పాం, ఇదిగో వాడికి నూటికి తొంభై’ అని.

అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ దగ్గర 2000 జులైలో వేసిన 64 పేజీల నైతిక నియమావళి ఉండేది, ఛైర్మన్ ముందుమాటతో సహా. అంతకుముందు ఏడాదే, సొంత ఆర్థికాధికారి సంస్థతోనే వ్యాపారం చేసుకునేందుకు వీలుగా బోర్డు అప్పటి నియమాల్ని రెండుసార్లు పక్కన పెట్టింది. 2001 డిసెంబరులో దివాలా. వెల్స్ ఫార్గో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకి ఎనిమిది ఉత్పత్తులు అంటగట్టాలని లక్ష్యం. జనం అడగని ఖాతాలు లక్షల్లో తెరుచుకున్నాయి. 2016లో బయటపడే నాటికి సుమారు 5,300 మందిని తీసేశారు, ఎక్కువమంది కింది మెట్ల వాళ్ళే. ఎనిమిది అన్న అంకెను పైనుంచి నడిపించిన బ్యాంకు పెద్ద మాత్రం ఆ రోజుకి తన గదిలోనే ఉన్నాడు. నైతిక హాట్‌లైనుకు ఫోను చేశాకే తమ ఉద్యోగం పోయిందని కొందరు చెప్పుకున్నారు. హాట్‌లైన్ అన్న పేరు ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమై ఉంటుంది.

ఇక్కడిదాకా నవ్వొచ్చు. 1986 జనవరి 27 రాత్రి దగ్గర నాకు నవ్వు రాదు. అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ మర్నాడు ఎగరాలి. బూస్టరు రాకెట్లు చేసిన మోర్టన్ థయోకాల్ ఇంజనీర్లు ఫోను సమావేశంలో చెప్పారు. కీళ్ళ దగ్గర ఉండే రబ్బరు వలయాలు చలికి బిగుసుకుంటాయి, 53 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే, అంటే సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో ఎగరెయ్యొద్దు అని. రోజర్ బోజలీ అనే ఇంజనీరు ఆరు నెలల ముందే ఇదే ప్రమాదాన్ని కాగితం మీద పెట్టి పంపాడు. నాసా వైపువాళ్ళు చిరాకుపడ్డారు. కంపెనీ ఐదు నిమిషాలు కావాలని ఫోను పక్కన పెట్టి అరగంట మాట్లాడుకుంది. అక్కడ ఒక పెద్ద మేనేజరు ఇంజనీరింగ్ విభాగాధిపతితో అన్నమాట ఇది: ‘ఇంజనీరు టోపీ తీసెయ్యి, మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకో.’ టోపీ పెట్టడమంటే ఏమిటో తెలుగువాడికి వేరే చెప్పక్కర్లేదు. నలుగురు మేనేజర్లు సరేనన్నారు. అదే గదిలో ఉన్న ఇంజనీర్లని ఎవరూ అడగలేదు. ప్రయోగ స్థలంలో ఉన్న కంపెనీ ప్రతినిధి అలన్ మెక్‌డొనాల్డ్ సంతకం పెట్టనన్నాడు. పెట్టడానికి ఇంకొకాయన దొరికాడు, కాగితం ఫ్యాక్సులో వచ్చింది. తెల్లారి ఎగిరే వేళకి అక్కడి చలి 2 డిగ్రీల సెల్సియస్. ఎగిరిన 73 సెకన్లకి నౌక ఆకాశంలో ముక్కలైంది, అందులోని ఏడుగురు మనుషులూ పోయారు. ఆ గదిలో ఎవరికి తెలియదు? ఏ స్లయిడు చూపిస్తే తెలిసేది? లెక్కలు బల్ల మీదున్నాయి, చెప్పగలిగినవాళ్ళు చెప్పారు, గొంతు పోయేలా చెప్పారు. వినాల్సినవాళ్ళు విని, అర్థం చేసుకుని, టోపీ మార్చుకున్నారు. దీన్ని ‘అవగాహన లోపం’ అని పిలిచి, అవగాహన పెంచే కోర్సులు అమ్ముకునేవాళ్ళకి సిగ్గుండాలి.

కాబట్టి కోర్సులో లేని నలభై ఒకటో స్లయిడు నేను ఇస్తాను. ‘చూసుకోండి’ అన్న మాట చెవినపడ్డ పావుగంటలో ఒక మెయిలు రాయాలి. అన్నవారికి మాత్రమే. ఊరందరినీ సీసీలో పెడితే విషయం మీ పొగరు మీదికి మళ్ళుతుంది. అందులో నీతి, మనస్సాక్షి లాంటి మాటలు రాకూడదు. విశేషణాలు వద్దు. ఏ పరీక్ష, ఎన్ని నమూనాలు, ఎన్ని గంటలు, ఎవరు ఎప్పుడు చెప్పారు, అంతే. ‘ఇందాక మధ్యాహ్నం మూడింటికి మీరు చెప్పినట్టు, 48 గంటల పరీక్ష పూర్తికాకుండానే పోయిన నెల అంకెలతో రిపోర్టు సిద్ధం చేయమంటారా? ధ్రువీకరించగలరు.’ తేదీతో సహా మీ నోట్సు మీరు విడిగా రాసుకోండి. ఆఫీసు ఫైళ్ళు మాత్రం సొంత మెయిలుకి పంపుకోకండి. అసలు తప్పుకి కాక దానికే మిమ్మల్ని ఇంటికి పంపుతారు.

ఆ మెయిలుకి రాతలో జవాబు రాదు. ఐదు నిమిషాల్లో ఫోను మోగుతుంది. ‘మెయిలెందుకండీ, పక్కనే ఉన్నాగా, మాట్లాడుకుంటే పోయేదానికి!’ కాసేపు నిశ్శబ్దం. తర్వాత ‘సరే, రెండ్రోజులు ఆలస్యమని కస్టమరుకి చెప్పేస్తా. అది నేను చూసుకుంటాను లెండి.’ ఆ క్రియకి మొట్టమొదటిసారి కర్త దొరికాడు.

ఏడాది చివర రవి అప్రైజల్‌లో రాస్తారు, కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపరచుకోవాలి అని.