ముక్కు పట్టి నేలకు రాయకండి

ఇల్లు తడిపిన కుక్కపిల్ల ముక్కును అక్కడే నేలకు రాసి మందలిస్తే బుద్ధి వస్తుందని కుక్కల పెంపకం గురించిన ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మా కుక్కపిల్ల విషయంలో మేమూ ఆ తప్పు చేశాం. అది నేర్చుకున్నది ఒక్కటే: మా కంట పడకుండా సోఫా వెనక్కి వెళ్లి కానివ్వడం!

చిన్న జాతి కుక్కల మూత్రాశయమూ చిన్నదే. కుక్కపిల్లలైతే వయసులో నెలకో గంట లెక్కన, అంటే 3 నెలల పిల్ల సుమారు 3 గంటలే ఆపుకోగలదు. నిద్ర లేవగానే, తినగానే, ఆట ముగియగానే బయటికి తీసుకెళ్లాలి. పని కాగానే అక్కడే ఏదైనా తినడానికి పెట్టాలి. ఇంట్లోకి వచ్చాక పెడితే, ఎందుకు పెట్టారో దానికి అర్థం కాదు. మాది ముందుగా నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగేది. అది కనిపెట్టాక సగం గొడవ తీరింది.

మిగతా సగం వాసనది. ఫినాయిల్‌తో తుడిస్తే మనకు పోయినట్టే ఉంటుంది, దాని ముక్కుకు పోదు, అందుకే మళ్లీ అక్కడే పోస్తుంది. మూత్రపు వాసనను విరగ్గొట్టే ఎంజైములున్న క్లీనర్ వాడాకే మా సోఫా వెనుక మూల పొడిగా ఉంటోంది.

అన్నట్టు, బాగా అలవాటుపడిన కుక్క ఉన్నట్టుండి మళ్లీ లోపల పోస్తుంటే తిట్టకండి, పశువైద్యుడికి చూపించండి. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ ఉండవచ్చు.